సున్నం లేని తాంబూలం

కనకవీటి సింహద్వారం ముందు రాచబాట నాలుగేనుగులు పక్కపక్కన నడిచేంత వెడల్పుగా మొదలవుతుంది. రత్నాల అంగళ్ళూ, పూల అంగళ్ళూ, దేవళాల జేగంటలూ వెనకబడి నగరం దాటేసరికి పంటసీమల నడుమ మూడు బళ్ళ బాట అవుతుంది. ఏరు దాటాక రెండు బళ్ళ బాట. ఎర్రనేలల్లో ఒంటి బండి జాడ. కొండలు మొదలయ్యాక గొర్రెల కాపరుల కాలిబాటలో కలిసిపోయి, రాజ్యం ఎక్కడ అయిపోయిందో అడవి ఎక్కడ మొదలైందో చెప్పలేనంతగా సన్నబడి, చివరికి ఎర్రగట్టు దుర్గం తలుపు ముందు ఆగిపోతుంది. ఆ బాటే రాజ్యానికి నరమని కనకవీటి పండితులు నిండు సభలో శ్లోకాలు చదివి కడియాలు తొడిగించుకునేవారు. వాళ్ళలో ఆ బాట కొస దాకా నడిచినవాడు ఒక్కడూ లేడు. దూరపు కొండలు నునుపు కదా!

ఆ కొసను కాచుకుని ఉన్నవాడు దామయ నాయకుడు. నెరిసిన మీసం, ఎడమ భుజాన పాత బల్లెపు గాయం, పొదుపుగా వాడే మాట. భార్య గతించింది, బిడ్డలు లేరు. తనవాడనుకోవడానికి తమ్ముడు నూకయ ఒక్కడున్నాడు. కోట కింద ఇరుకైన కనుమ ఉంది. అది మూసి ఉన్నంత కాలం పడమటి రాజు ఏనుగులు ఈ సీమలో అడుగు పెట్టలేవు. తెరుచుకున్న నాడు కనకవీటి దాకా వాటిని ఆపేవాడు లేడు. ఇంత బరువు నెత్తిన పెట్టుకున్నవాణ్ణి రాజధానిలో తలుచుకునేది ఏడాదికొకసారి, అదీ కప్పం లెక్కలప్పుడు.

కోట సభామంటపంలో ఒక గద్దె ఉండేది. దాని మీద ఎవరూ కూర్చోరు. సరిహద్దు కోటలన్నింటిలోనూ అలాంటి ఖాళీ గద్దె ఒకటి ఉండాలని ఆ రాజ్యపు వాడుక, అది ఏలినవారిది. నాయకుడు దాని కింది మెట్టు మీద కూర్చుని తగవులు తీర్చాలి, తీర్పు చెప్పాక “ఇది నా మాట కాదు, గద్దె మాట” అనాలి. నాగసాని అనే ముసలామె తెల్లవారగానే గద్దె తుడిచి, పువ్వు పెట్టి, “ఏలినవారు లేచారు” అని పావురాళ్ళకు చెప్పినట్టు చెప్పి వెళ్ళేది. రోజంతా దామయ ఆ ఖాళీ గద్దె కింద కూర్చునేవాడు. మనిషి లేని చోటికి అంత మర్యాద చేస్తూ బతకడం ఎంత ఒంటరితనమో, చేసినవాడికి తప్ప తెలియదు.

అలాంటివాడికి ఉన్న తీపి జ్ఞాపకం ఒకటే, తాంబూలం జ్ఞాపకం. ఏలినవారి చేతి తాంబూలం ఆ రాజ్యంలో రెండు విధాలు. పనికి పంపేటప్పుడు ఇచ్చేది ఆనతి తాంబూలం: ఈనె తీసిన లేత ఆకులకు సున్నం రాసి, వక్క పెట్టి, చిలక చుట్టి, లవంగం గుచ్చి ఇస్తారు, నోరు పండినట్టు పని పండాలని. పని నుంచి విడిపించేటప్పుడు ఇచ్చేది సెలవు తాంబూలం: విప్పిన ఆకులు, వక్క, అంతే. సున్నం ఉండదు. సున్నం లేని ఆకు పండదు గనక, ఇక నీ వంతు పని లేదని దాని అర్థం. ఏదైనా సరే, పుచ్చుకున్నవాడు అక్కడికక్కడే నోట వేసుకోవాలి.

మల్లభూపతి పట్టాభిషేకం నాడు, మీసాలింకా సరిగ్గా రాని ఆ కొత్తరాజు, దామయకు తానే ఆకు చుట్టి ఇస్తానని పట్టుబట్టి, సున్నం వేలెడు మందాన రాసి ఇచ్చాడు. దామయ కళ్ళనీళ్ళు తిరుగుతున్నా నమిలి మింగాడు. “ఎట్లున్నది నాయకా?” అని రాజు అడిగితే, “ఏలినవారి ఆనతి నోరు పొక్కించింది ప్రభూ! ఇక ఈ జన్మకు మరచిపోను” అన్నాడు. నిండు సభ గతుక్కుమంది. రాజు మాత్రం కడుపుబ్బ నవ్వాడు. “అట్లయిన నీకెప్పుడూ ఇంతే సున్నం” అన్నాడు. ఆ తరువాత వాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకోలేదు.

నవ్విన ఆ రాజు క్రమంగా సభలో కనబడటం మానేశాడు. రాజ్యభారం ప్రధానమంత్రి దేచనామాత్యుడి చేతికి చేరింది. ఆయన మాట వెన్నపూస, మనసు ఉలి. కోట కావలి కొలువు తన మేనల్లుళ్ళకు, వంటశాల తన బావమరుదులకు పంచి, రాజుకు మాత్రం పాటగత్తెలనూ పావురాలనూ తాంబూలపు పళ్ళేన్నీ మిగిల్చాడు. “ఆకులు చుట్టుకొనుట తప్ప మా ప్రభువునకేమియు రాదు” అని నలుగురిలో జాలిపడేవాడు కూడా. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టవలసిన రాజే ఆ దొంగ చేతిలో ఉన్నాడు. సరిహద్దులకు ధాన్యం ఆగింది, గుర్రాలు ఆగాయి. ఇది చూసి చుట్టుపక్కల నాయకులు ఒక్కొక్కరే తమ కోటల్లోని ఖాళీ గద్దెలు తుడిపించుకుని తామే ఎక్కి కూర్చున్నారు. ఎవరికి వారే యమునా తీరే.

ఒకనాటి సాయంకాలం నూకయ సభామంటపంలోకి వచ్చి, అన్న ఎదుట నిలబడి మనసులో మాట బయటపెట్టాడు.

“అన్నా, అడగవలసిన మాట అడుగుతున్నాను, కోపగించకు. కనకవీడు మనకేమి ఇచ్చింది? మన ధాన్యం పోతుంది, మన పిల్లలు పోతారు. తిరిగి వచ్చేది మంత్రిగారి ఆశీస్సులు! ఎక్కడో నూరామడల అవతల కూర్చున్నవాడు మన కొండల మీద తీర్పు చెప్పడమేమిటి? ఆ గద్దె ఎక్కు. నీకన్నా తగినవాడెవడు? మన సీమను మనమే ఏలుకుందాం.”

దామయ మెట్టు మీది రాతిని చేత్తో తడిమాడు.

“తమ్ముడా, నీవు చెప్పిన ప్రతి మాటా నిజమే. కనకవీడు మనకు బాకీ పడిందన్నదీ నిజమే. అయినా ఒకటి విను. నీవప్పటికి పుట్టలేదు. మన తండ్రి ఈ కొండలకు రాజు. గద్దె లేదు, పై మాట లేదు, ఆయన చెప్పిందే వేదం. ఉప్పు బస్తాలతో కనుమ దాటుతున్న ఒక ఆడమనిషి సుంకం కట్టలేనంటే, ఆమె ఎద్దును నరికించి, మగణ్ణి కొట్టించాడు. వాడు చచ్చిపోయాడు. ఆమె ఎవరికి మొరపెట్టుకోవాలి? కొట్టించినవాడే తీర్పరి! ఆమె ఈ బాట వెంట కాలినడకన పోయింది, కనకవీటి దాకా. అక్కడి రాజు ఆమె మాట విన్నాడు. సేన వచ్చింది. మన తండ్రి ఇదిగో ఇక్కడ, ఈ మెట్టు దగ్గర, ఆ ఉప్పుగత్తె కాళ్ళ మీద పడ్డాడు. నేను చూశాను.”

“అవమానం చేసినవాళ్ళకా నీ విశ్వాసం?” అన్నాడు నూకయ మండిపడుతూ.

“అవును, అందుకే! మన తండ్రి పైన కూడా ఒక మాట ఉందని ఆ రోజు తెలిసింది. ఇరుసు లేని చక్రంలో ఆకులెంత బలమైనవైతేనేం, ఏ ఆకుకా ఆకు ఊడిపోతుంది. ఇరుసు పుచ్చిందంటావా, బాగు చేయించాలి. ఊడబెరుక్కుని నేనే బండినంటే నడుస్తుందా? నేను గద్దె ఎక్కిన నాడు, రేపు నేను కొట్టించినవాడి పెళ్ళాం ఎక్కడికి నడిచిపోవాలిరా?”

నూకయ ఒప్పుకోలేదు. తల దించుకుని వెళ్ళిపోయాడు.

కొద్ది రోజులకే కనుమకు పడమటి పక్కన గుడారాలు లేచాయి. పడమటి రాజు దిగాడు. అదే వారంలో తూర్పు పక్క నుంచి బాకాలు ఊదుకుంటూ దేచనామాత్యుడు వచ్చాడు, తన సొంత సేననంతా వెంటబెట్టుకుని. సరిహద్దు నాయకుణ్ణి విడిపించే తాంబూలం ప్రధానమంత్రే స్వయంగా మోసుకురావాలి. లేకపోతే నాయకుడు తలుపు తీయనక్కరలేదు. వాడుక వాడుకే గనక ఆయన అంత దూరం రాక తప్పలేదు. కనుమ అప్పగిస్తే కనకవీటి సింహాసనం తనకు దక్కేలా పడమటి రాజుతో ముందే మాట కలిపి ఉంచాడు.

మంత్రి పల్లకి దిగి, సభామంటపంలో ఖాళీ గద్దెకు మొక్కీ మొక్కనట్టు మొక్కి, పట్టుబట్ట చుట్టిన వెండి భరిణె చాచాడు.

“దామయ నాయకా! ఏలినవారు నీ వృద్ధాప్యమును కరుణించి నిన్ను ఈ దుర్గ రక్షణ భారము నుండి విడిపించుచున్నారు. పడమటి ప్రభువుతో మనకు చెలిమి కుదిరినది. కనుమను మూసియుంచుట ఇక అనవసరము. ఇదిగో, ఏలినవారు స్వహస్తములతో అమర్చిన సెలవు తాంబూలము. నీవును నీ వారును దుర్గము విడిచి రండు.”

భరిణె మూత పుచ్చుకున్నవాడే తీయాలి. దామయ రెండు చేతులా అందుకుని, గద్దె వైపు తిరిగి, మంత్రికి వీపు పెట్టి తీశాడు.

లోపల విప్పిన ఆకులు లేవు. చుట్టిన చిలక ఉంది, లవంగం గుచ్చి. మడతల సందుల్లోంచి వేలెడు మందాన సున్నం తెల్లగా బయటకు ఉబికి ఉంది.

నోటి మాట సెలవంటోంది, ఆకు ఉండమంటోంది. ఏది ఏలినవారి మాట? కావలివాళ్ళ మధ్య రాజు గొంతెత్తలేడు, రాయలేడు. ఆకు మాత్రం చుట్టగలడు, ఎందుకంటే అది తప్ప ఏమీ రాదని మంత్రే నమ్మాడు. మంత్రి తన సేనతో ఇక్కడ, రాజ్యపు కొసన, చిక్కుకుని ఉన్నంత కాలం కనకవీట ఆయన పట్టు సడలి ఉంటుంది. రాజు బయటపడటానికి, విడిపోయిన నాయకులను కూడగట్టడానికి, ఆ వ్యవధి కావాలి. నిలబడు నాయకా, అంటున్నాడు ఆ కుర్రవాడు. లేక ఇదంతా ముసలి బుర్ర అల్లుకున్న కథా? ఏ దాసీ అయినా అలవాటుగా సున్నం రాసిందా?

ఆలోచించడానికి వ్యవధి లేదు. మంత్రి తొంగి చూడకముందే చిలకను నోట వేసుకున్నాడు. నాలుక భగ్గుమంది. కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆ మంటలో ఆనాటి నవ్వు మళ్ళీ వినిపించి, ముసలివాడికి ఎక్కడలేని ప్రాణం లేచొచ్చింది. దాసీ రాసిన సున్నం కాదిది. ఎవరూ ఇంత చెడ్డగా తాంబూలం చుట్టరు!

పండిన నోరు కనబడకుండా, గద్దె ముందు పెద్దలతో మాట్లాడేవాళ్ళు పట్టే మర్యాద పద్ధతిలోనే, ఉత్తరీయపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తిరిగాడు.

“ఏలినవారి ఆనతి అందినది. శిరసావహించుచున్నాను. అమాత్యులు శిబిరమునకు విచ్చేయుడు.”

దేచనామాత్యుడు ముసలివాడి కన్నీళ్ళు చూసి, కొలువు పోయినందుకు ఏడుస్తున్నాడనుకుని, సంతృప్తిగా కొండ దిగాడు. ఆయన వెనకే కోట తలుపులు మూతపడ్డాయి. గడియల మీద గడియలు పడ్డాయి. బురుజుల మీద వడిసెలలు లేచాయి.

అప్పుడు గాని మంత్రికి అర్థం కాలేదు. కిందనుంచి దండోరా వేయించాడు: “దామయ నాయకుడు ఏలినవారి సెలవు తాంబూలము తిని కోట విడువని ద్రోహి! వానిని విడిచి వచ్చినవారికి అభయము!”

ఆ దేశంలో అంతకు మించిన తిట్టు లేదు. దొంగతనం చేసినవాణ్ణయినా పందిట్లో కూర్చోబెడతారు గానీ, తాంబూలం తప్పినవాడి గడప ఎవరూ తొక్కరు. కోటలోని మగవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్ళ కళ్ళెదుటే నాయకుడు భరిణె తీశాడు, నోట వేసుకున్నాడు, తలుపు మూయించాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?

దామయ నోరు పుక్కిలించుకుని వచ్చేసరికి నూకయ మంటపంలో నిలబడి ఉన్నాడు.

“గద్దె ఎక్కమని నేనంటే నాకు నీతులు చెప్పావు. ఇప్పుడు నీవు చేసిందేమిటన్నా? గద్దె మాట నోట వేసుకుని నమిలేసి, తలుపు మూశావు! ఏమి చూసి ఆగావో చెప్పు. ఒక్క మాట చెప్పు చాలు, నీతో చస్తాను.”

చెబుదామని దామయ నోటి దాకా వచ్చింది. కానీ తమ్ముడికి తెలిస్తే తమ్ముడి చెలికాడికి తెలుస్తుంది; కోట గోడ మీద నుంచి తాడు జారవిడుచుకుని ఒక్కడు కిందికి దిగితే చాలు, మంత్రి గుర్రం కనకవీటికి పరుగెత్తుతుంది. అక్కడ ఆయన మేనల్లుళ్ళ కత్తుల మధ్య ఆ కుర్రరాజు ఉన్నాడు. చూపిద్దామంటే ఆకు కడుపులోకి పోయింది. అందరి ఎదుటా తిన్నాడు గనక దానికి సాక్షి తానొక్కడే.

“చెప్పలేను నూకా” అన్నాడు.

“చెప్పలేవా, చెప్పడానికేమీ లేదా?”

నూకయ అన్న పాదాలకు ఎప్పటిలాగే మొక్కి, ఉత్తరపు దిడ్డితలుపు గుండా కోటలో సగానికి పైగా మందిని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. మంత్రి శిబిరానికి పోలేదు. కనకవీటికి పోయి అన్న తరఫున ఏలినవారి కాళ్ళు పట్టుకుంటానన్నాడు. ఆ సంగతి విని దామయ బురుజు మీద నిలబడి, తమ్ముడి తలపాగా కాలిబాట మలుపులో కనబడకుండా పోయేదాకా చూశాడు. చిన్నప్పుడు ఆ తలపాగా చుట్టడం నేర్పింది తానే.

మిగిలినవాళ్ళు నడవలేని ముసలివాళ్ళు, మొండివాళ్ళు, నాయకుడు ద్రోహి అయినా సరే ఆయన ఉప్పు తిన్నామనుకున్న కొద్దిమంది. వాళ్ళు పోరాడారు. ఆయనతో మాట్లాడటం మాత్రం మానేశారు. ఆజ్ఞ ఇస్తే తల ఊపేవారు, కళ్ళలోకి చూసేవారు కాదు. గోడల మీద బండలు దొర్లించి, కాగిన నూనె కుమ్మరించి, నిచ్చెనలను గండ్రగొడ్డళ్ళతో నరికి, రోజు తరువాత రోజు కనుమకు అటు పడమటి సేననూ ఇటు మంత్రి సేననూ ఆపారు. యుద్ధం అంత భయంకరంగా ఉన్నా దామయకు దెబ్బల కన్నా ఆ మౌనమే ఎక్కువ నొప్పి కలిగించింది.

ఒక ఉదయం నాగసాని అంబలి తెచ్చి ఆయన పెదవులకేసి చూసింది. “అయ్యో, నోరంతా పొక్కిపోయిందే నాయనా! సున్నం ఎక్కువైందా యేం?”

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆమె ఏదో మాటవరసకు అన్నదేనని గ్రహించి కుదుటపడి, “ముసలితనం నాగమ్మా, ఏది తిన్నా పొక్కుతోంది” అన్నాడు. ఆమె గొణుక్కుంటూ వెన్న తెచ్చి రాసింది. ఆమె వెళ్ళాక ఆయన ఆ పుండ్లను నాలుకతో తాకి చూసుకున్నాడు. ఏలినవారు తనతో మాట్లాడారనడానికి మిగిలిన గుర్తు అదొక్కటే. అది కూడా మానిపోతోంది. మానిపోతే ఇక తన మాట తనకే నమ్మకం కాకుండా పోతుందేమోనని భయపడ్డాడు. ఖాళీ గద్దె కేసి చూసి మొదటిసారి గట్టిగా అడిగాడు: “ప్రభూ, నిజంగా నీవేనా?” గద్దె మీద పావురం ఒకటి మెడ తిప్పి చూసి ఎగిరిపోయింది.

పౌర్ణమి గడిచిన మూడోనాటి మధ్యాహ్నం తూర్పు గోడ కూలింది. మొండివాళ్ళు ఒక్కొక్కరే కోట తలుపు దగ్గర ఒరిగారు. దామయ వెనక్కి తగ్గుతూ, కత్తి విరిగితే బల్లెంతో, బల్లెం పోతే డాలు అంచుతో పోరాడుతూ సభామంటపం గడప దాకా వచ్చి, ఇక తగ్గడానికి చోటు లేక గద్దెకు అడ్డంగా నిలబడ్డాడు. ఒంటి మీద లెక్కపెట్టలేనన్ని గాయాలు. మెట్టు మీద కూలబడేటప్పటికి, ఎక్కడో దూరంగా, తూర్పు వైపు నుంచి, ఆయన ఏళ్ళ తరబడి వినని మోత వినిపించింది. రాచబాట మీద ఏనుగుల గంటలు.

మల్లభూపతి వచ్చాడు. విడిపోయిన నాయకులు కూడా వచ్చారు. మంత్రి లేని కనకవీట కావలివాళ్ళ కన్నుగప్పి బయటపడిన రాజు స్వయంగా తమ వాకిట్లోకి వచ్చి, “ఎర్రగట్టు ఇంకా నా పేరనే నిలిచియున్నది, మీరో?” అని అడిగితే, వాళ్ళకు తాము ఎక్కిన గద్దెలు ముళ్ళయ్యాయి. కనుమ ముఖంలో చిక్కుకున్న సేనలు రెండూ నలిగిపోయాయి. పారిపోతున్న దేచనామాత్యుణ్ణి పల్లకి బోయీలే దించి పట్టి ఇచ్చారు. దారిలో రాజుకు ఎదురుపడి అన్నకు క్షమాభిక్ష పెట్టమని కాళ్ళ మీద పడిన నూకయతో ఆయన “తొందరగా నడువుడు” అని మాత్రం అన్నాడు. శిక్షించడానికే ఇంత తొందర పడుతున్నాడనుకుని నూకయ దారి పొడుగునా ఏడుస్తూ వచ్చాడు.

మంటపంలోకి రాజు అడుగు పెట్టగానే అందరూ గద్దెకు దారి ఇచ్చారు. ఆయన గద్దె ఎక్కలేదు. దామయ కూలబడిన కింది మెట్టు మీదే, ఆ నెత్తుట్లోనే కూర్చుని, ముసలివాడి తలను ఒడిలోకి తీసుకున్నాడు.

“ఈ బాట కొసకు వచ్చుటకు నాకింత కాలము పట్టినది నాయకా” అన్నాడు. తరువాత తల ఎత్తి, వినవలసినవాళ్ళందరికీ వినిపించేలా అన్నాడు: “మంత్రి మోసుకొచ్చినది సెలవు కాదు. నేను సున్నము రాసి చుట్టిన ఆనతి తాంబూలము. నా ప్రాణము కొరకు ఇతడు ఆ సంగతి తన తోబుట్టువునకైనను చెప్పలేదు.”

నూకయ గోడ పట్టుకుని నిలబడబోయి, నిలబడలేక, అన్న పాదాల దగ్గర కుప్పకూలాడు. “నేను మాట అడిగానన్నా... నీవు నోరు తెరవలేదేమన్నా...” అంటూ ఆ పాదాలకు తల మోదుకున్నాడు. దామయ చేయి వెతుక్కుంటూ వెళ్ళి తమ్ముడి తలపాగా మీద ఆగింది; జారిన చుట్టును వేలితో పైకి సర్దబోయింది.

రాజు ఆకులు అడిగాడు. నాగసాని పళ్ళెం తెచ్చింది. సున్నపు కాయను ఆయన పక్కకు నెట్టి, రెండు లేత ఆకులు తీసి, చుట్టకుండా, విప్పినవి విప్పినట్టే దామయ అరచేతిలో పెట్టి, పైన వక్క ఉంచాడు. దామయ వాటిని కళ్ళ దగ్గరకు తెచ్చుకుని, మసకబారుతున్న చూపుతో అటూ ఇటూ తిప్పి, తెల్లదనం కోసం వెతికాడు.

“సున్నము లేదు నాయకా” అన్నాడు రాజు. “ఇది గద్దె మాట కాదు, నా మాట. ఇక సెలవు.”

దామయ నాయకుడు ఆ ఆకులను నోట వేసుకున్నాడు.